మలావిలోని మిషన్ ఆసుపత్రిలో కట్టడ పనులు చూసుకోవడం: రెండేళ్ళ ఉద్యోగానికి వెళ్ళబోతున్న ఇంజనీరుకు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. హైదరాబాదులో ఎనిమిదేళ్ళుగా అపార్ట్‌మెంట్ల సైట్ ఇంజనీరుగా పని చేస్తున్న మీకు ఆఫ్రికా ఖండపు మలావి దేశంలోని ఒక పల్లె ప్రాంతపు మిషన్ ఆసుపత్రిలో రెండేళ్ళ ఉద్యోగం వచ్చింది. ఒక ప్రసూతి వార్డు, నాలుగు సిబ్బంది ఇళ్ళు కట్టించాలి. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, అసలు కష్టం ఎక్కడ ఉంటుంది, ఏమేమి తెలుసుకుని వెళ్ళాలి అని అడిగారు. నాది ఒంగోలు దగ్గర పల్లె. మలావి మధ్య ప్రాంతంలో నూట ఇరవై పడకల మిషన్ ఆసుపత్రి ఒకదానిలో ఆరేళ్ళపాటు కట్టడాలూ మరమ్మతులూ చూశాను కాబట్టి, నా అనుభవంలోకి వచ్చినంత మేరకు చెబుతాను.

ముందుగా సూటి సమాధానం. కొత్త కట్టడానికి మీకు రోజుకు రెండు మూడు గంటలకు మించి దొరకవు. మిగిలిన పొద్దంతా నడుస్తున్న ఆసుపత్రిని నడిపించడానికే పోతుంది. రెండేళ్ళ పనిని ఈ లెక్కతో వేసుకుంటే వార్డుకు రేకులు వేసి, తలుపులు బిగించి, తాళాలు అప్పగించి రాగలుగుతారు. హైదరాబాదు లెక్కతో వేసుకుంటే లింటెల్ మట్టం దగ్గర, అంటే తలుపుల పై అంచు దగ్గర, గోడలు వదిలేసి విమానం ఎక్కుతారు. అలా వదిలేసిన గోడలు ఆ ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికే ఒకటో రెండో ఉండి ఉంటాయి. వెళ్ళగానే చూడండి, అవి ఎందుకు ఆగాయో అడగండి. దానికి మించిన శిక్షణ ఎక్కడా దొరకదు.

ఒక మామూలు రోజు చెబుతాను. ఉదయం ఏడింటికి చాపెల్‌లో ప్రార్థన ఉంటుంది. మీరు ఏ మతస్థులైనా సరే, అక్కడికి వెళ్ళడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే రాత్రి ఆసుపత్రిలో ఏమేమి చెడిపోయాయో ఆ గుమ్మం దగ్గరే తెలుస్తుంది. ఆపరేషన్ థియేటర్ కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఒక నర్సు చెబుతుంది, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ వేడెక్కడం లేదని ఇంకొకరు చెబుతారు, పిల్లల వార్డు మరుగుదొడ్డి పొంగిందని మరొకరు చెబుతారు. మీరు బయటికి వచ్చేసరికి గేటు దగ్గర నలభై మంది గన్యు కోసం నిలబడి ఉంటారు. గన్యు అంటే అక్కడి మాటలో రోజు కూలి పని. మీకు కావలసింది ఎనిమిది మందే. తొమ్మిదింటికి రావలసిన ఇసుక లారీ రాదు. డ్రైవరు పట్నంలో డీజిల్ వరుసలో ఉన్నాడని పదింటికి కబురు వస్తుంది. 2022 నుంచి ఆ దేశంలో ఇంధన కొరత మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. పదకొండింటికి కరెంటు పోతుంది. జనరేటరు ముందు థియేటరుకు, తరువాత ఆక్సిజన్ యంత్రాలకు, ఆ తరువాత ఏమైనా మిగిలితే మీ కాంక్రీటు మిక్సరుకు. మిక్సరులో అప్పటికే నీళ్ళు పోసి ఉంటే మనుషులు దాన్ని రేకు మీదికి దించి పారలతో కలుపుకుంటారు. మధ్యాహ్నం పంపు దగ్గర ఒక గంట, సాయంత్రం రసీదులతో ఒక గంట గడుస్తాయి.

మొదటి సంవత్సరం నేను రెండు పనులూ ఒక్కడినే చేశాను, ఒక చిన్న వార్డు పునాదికే ఐదు నెలలు పట్టింది. రెండో ఏడాది మరమ్మతుల కోసం వేరుగా ఒక స్థానిక ఎలక్ట్రీషియన్‌ను, ఒక ప్లంబరును నియమించాక నేను పూట పూటంతా సైటు మీద నిలబడగలిగాను. కాబట్టి ఉద్యోగం ఒప్పుకునే ముందే మరమ్మతుల బాధ్యత ఎవరిదో రాతలో అడగండి. "అది కూడా కొంచెం చూసుకోవాలి" అని జవాబు వస్తే ఆ కొంచెం మూడు వంతులని లెక్క వేసుకోండి.

ఇక వాన సంగతి. మలావిలో వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. మట్టి రోడ్డు చివర ఉన్న ఆసుపత్రికి ఆ నెలల్లో బరువు లారీ రావడం దైవాధీనం. దానికి తోడు, మొదటి మంచి వాన పడగానే మీ కూలీలూ మేస్త్రీలూ మొక్కజొన్న విత్తడానికి సొంత పొలాలకు వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. ఆ పంటే వారికి ఏడాది తిండి. మన దగ్గర తొలకరి పడితే పల్లెల్లో ఎవరు ఆగుతారు? కోపం తెచ్చుకుని లాభం లేదు, క్యాలెండరును దానికి తగ్గట్టు రాసుకోవాలి. నేను అక్టోబరు 31ని గడువుగా పెట్టుకుని వెనక్కి లెక్క వేసేవాడిని: ఆ లోపు రేకులు పడాలి, అంటే సెప్టెంబరులో రింగ్ బీమ్ (గోడల పైన చుట్టూ పోసే కాంక్రీటు కట్టు) ముగియాలి, అంటే జూలై చివరికి గోడలు లింటెల్ దాటాలి, అంటే వానలు వెనకబట్టగానే పునాది తవ్వాలి. కప్పు పడితే వానాకాలమంతా లోపల ప్లాస్టరింగు, వైరింగు, నేల పని చేసుకోవచ్చు. కప్పు పడకపోతే అయిదారు నెలలు పోయినట్టే.

ఈ లెక్కలో అందరూ మరిచిపోయేది ఇటుక. పల్లె మిషన్లలో ఇటుక కొనడం తక్కువ, కోసి కాల్చుకోవడం ఎక్కువ. వానలు ఆగి మట్టి ఇంకా తడిగా, వాగులో నీళ్ళు ఉన్నప్పుడే ఇటుక కోయాలి, ఎండబెట్టాలి, బట్టీ పేర్చి కాల్చాలి. అంటే ఈ సంవత్సరం కట్టే గోడకు ఇటుక కిందటి సంవత్సరమే కాలి ఉండాలి. మీరు జనవరిలో చేరి ఏప్రిల్‌లో గోడ మొదలుపెడతామనుకుంటే ఇటుక ఎక్కడిదని ఇప్పుడే అడగండి. బట్టీలో బయటి వరుసల ఇటుక సగం కాలి ఉంటుంది. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే విరగకూడదు, రాత్రంతా నీళ్ళలో ఉంచితే అంచులు కరగకూడదు. ఈ మూడూ మనవాళ్ళకు తెలిసిన పరీక్షలే. కరిగేవాటిని పునాదిలోకి, తడి తగిలే చోటికి రానివ్వకండి. అవి పక్కన పెట్టించి వంటపాక పొయ్యిలకు వాడుకోవచ్చు.

కాల్చిన ఇటుకకు కట్టెలు ఎక్కువ పడతాయి, చుట్టూ కొండలు బోడులవుతున్నాయి. అందుకే మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి చేత్తో నడిపే యంత్రంలో నొక్కే దిమ్మెల వైపు ప్రభుత్వమూ దాతలూ ఇప్పుడు మొగ్గుతున్నారు. నేను సిబ్బంది ఇళ్ళు రెండు వాటితో కట్టించాను. మట్టిని జల్లించడం, ఏడు రోజులు తడిపి నీడలో ఉంచడం సరిగా చేస్తే బాగుంటాయి. చేయకపోతే మొదటి వానకే మూలలు రాలుతాయి. ఇటుక మీద మాత్రం చిన్నచూపు వద్దు. ఆ దేశపు దక్షిణాన బ్లాంటైర్ నగరంలో సెయింట్ మైఖేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి ఉంది. స్థపతి శిక్షణ ఏమీ లేని డేవిడ్ క్లెమెంట్ స్కాట్ అనే పాస్టరు 1888 నుంచి 1891 వరకు స్థానికుల చేత అక్కడే ఇటుక కాల్పించి కట్టించాడు. గోపురాలూ కమానులూ ఇప్పటికీ నిటారుగా ఉన్నాయి. వీలు చేసుకుని చూసి రండి, పని మీద నమ్మకం కుదురుతుంది.

ఇసుక వాగు నుంచి వస్తుంది, కంకర తరచు చేత్తో కొట్టినదే. రోడ్డు పక్కన ఆడవాళ్ళు సుత్తులతో రాయి కొట్టి కుప్పలు పోసి అమ్ముతారు. ఆ కుప్పలో గోళీ అంత రాయీ ఉంటుంది, పిడికిలి అంత రాయీ ఉంటుంది. రెండు జల్లెడలు చేయించి, కొలత డబ్బా మీ దగ్గరే పెట్టుకుని, జల్లించిన డబ్బాకు డబ్బులివ్వండి. ధర కాస్త ఎక్కువే ఇవ్వండి, బేరం ఆడకండి. ఇసుకకు గాజు సీసా పరీక్ష చాలు: ఇసుక, నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచితే పైన తేరిన ఒండ్రు పొర ఎంతో కనిపిస్తుంది. అది ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే కడిగించండి, లేదా వెనక్కి పంపండి. కాంక్రీటు బలం చూసే క్యూబు పరీక్షకు ప్రయోగశాల రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట మీ నాణ్యతంతా ఆ సీసాలోనూ, నీళ్ళ బకెట్టు లెక్కలోనూ, తడపడంలోనూ ఉంటుంది. అక్టోబరు అక్కడ మండే నెల. తెల్లవారుజామున కాంక్రీటు పోసి, గడ్డి కప్పి, తడపడానికి ఒక మనిషిని ఏడు రోజులూ ప్రత్యేకంగా పెట్టాలి. ఆ ఒక్క కూలి ఆదా చేయబోయి నేను ఒక వరండా నేలంతా పగుళ్ళతో చూశాను.

సిమెంటు బస్తాల విషయంలో ఒక అలవాటు చెబుతాను. ఖాళీ సంచి తెచ్చి ఇస్తేనే నిండు బస్తా ఇవ్వాలి. దొంగతనం ఎక్కడైనా ఉండేదే. మన సైట్లలో లేదా? కానీ అక్కడ ఒక బస్తా ఖరీదు కూలివాడి ఎన్నో రోజుల కూలి, కాబట్టి ఆశ పుట్టే వీలు లేకుండా చూడటం మన బాధ్యత. బస్తాలు పేర్చే చెక్కలు నేలకు జానెడు ఎత్తులో, గోడకు జానెడు దూరంలో ఉండాలి.

ఎందుకంటే చెదలు. అక్కడి భాష చిచేవాలో చిస్వె అంటారు. మొదటి వానాకాలంలో నేను పద్దెనిమిది ద్వారబంధాలు చేయించి స్టోరులో నేల మీద పేర్పించాను. ఫిబ్రవరిలో తలుపులు బిగిద్దామని తీస్తే కింది వరుస ఆరు రంగు పొర తప్ప లోపల ఏమీ లేకుండా ఉన్నాయి. ఆ తరువాత ద్వారబంధాలకు ఇనుము వాడాను. కప్పు దూలాలకు ఒత్తిడితో మందు పట్టించిన పైన్ కర్ర తప్ప మరొకటి తీసుకోలేదు. ఖరీదు ఎక్కువని కమిటీలో ప్రశ్నించారు. ఆ ద్వారబంధం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి వేలితో నొక్కి చూపించాక ప్రశ్న ఆగింది.

కప్పు గురించి ఇంకొక్క మాట. నవంబరు మొదటి గాలివానలు రేకులను ఎగరగొడతాయి. గోడ పై నుంచి ఏడెనిమిది వరుసల కింద ఇనుప పట్టీని ఇటుకలో పెట్టి పైకి తెచ్చి దూలానికి చుట్టాలి. రింగ్ బీమ్ వదిలెయ్యమని ఎవరైనా ఖర్చు పేరు చెబితే వినకండి. మలావి ఆఫ్రికా పగులు లోయ మీద, అంటే భూమి పొర చీలుతున్న చోట ఉంది. 1989 మార్చిలో సలీమా ప్రాంతంలోనూ, 2009 డిసెంబరులో కరోంగాలోనూ భూకంపాలు వచ్చినప్పుడు కట్టు లేని ఇటుక గోడలే పడ్డాయి.

డబ్బు విషయం కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే సైట్ ఇంజనీరుగా మీరు ఇంతవరకు దాని జోలికి వెళ్ళి ఉండరు. దాతలు డాలర్లలోనో పౌండ్లలోనో వాయిదాలుగా పంపుతారు, అక్కడ ఖర్చు క్వాచాలలో. 2012 మేలో డాలరు 167 క్వాచాల నుంచి ఒక్కసారిగా 250కి వెళ్ళింది. 2023 నవంబరులో సుమారు 1,180 నుంచి 1,700కి వెళ్ళింది. ఆ రోజు ఖాతాలో క్వాచాలు ఉంచుకున్నవారి డబ్బు రాత్రికి రాత్రి ముప్పై శాతం కరిగింది. ప్రభుత్వం క్వాచా విలువ తగ్గించక ముందు నెలలు ఇంకో రకంగా బాధిస్తాయి. ఇనుము, రేకులు దిగుమతి చేసే వ్యాపారి డాలరును బయటి ధరకు కొని ఆ ధరను సరుకు మీద వేస్తాడు, మీ డాలర్లను బ్యాంకు మాత్రం అధికారిక రేటుకే మారుస్తుంది. రెండింటి మధ్య తేడా మీ వార్డులో రెండు గదులు.

దీనికి నేను చేసింది ఇదీ: డబ్బు రాగానే చెడనివి కొనేవాడిని. ఇనుము, రేకులు, పైపులు, వైరు, మేకులు, తాళాలు. సిమెంటు మాత్రం రెండు మూడు నెలల వాడకానికి మించి ఎప్పుడూ కొనలేదు. నిలవ ఉన్న సిమెంటు, ముఖ్యంగా వానాకాలంలో, బలం పోగొట్టుకుంటుంది. స్టోరు నిండుగా, ఖాతా ఖాళీగా ఉండటం చూసి లెక్కలు చూసేవారు మొదట కంగారుపడతారు. సరుకు పట్టీ నెలనెలా చూపిస్తే కుదుటపడతారు. రసీదుల సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. పెద్ద దుకాణం ముద్ర వేసిన బిల్లు ఇస్తుంది, కంకర కొట్టే అవ్వ ఏ బిల్లు ఇస్తుంది? కొలత, తేదీ, డబ్బు రాసి వేలిముద్ర, ఒక సాక్షి సంతకం ఉన్న చీటీని అంగీకరిస్తారని దాతల నుంచి మొదటి వాయిదాకు ముందే రాతలో తీసుకుంటే తరువాత ఆడిట్లో తలనొప్పి ఉండదు.

పట్నాల్లో ఇనుప సామాను దుకాణాలు చాలావరకు భారత సంతతివారివి, ఎక్కువగా గుజరాతీలవి. నా ఒంగోలు హిందీ విని వారు నవ్వేవారు గానీ, కుర్చీ వేసి టీ ఇచ్చేవారు, సరుకు వచ్చే రోజు నిజం చెప్పేవారు. దీనికో ఇబ్బందీ ఉంది. ఊళ్ళో మిమ్మల్నీ దుకాణదారుడి బంధువే అనుకుంటారు, సరుకు ధరలో మీకు వాటా ఉందని గుసగుసలు పుడతాయి. ప్రతి పెద్ద కొనుగోలుకూ మూడు చోట్ల ధర తీసుకుని, స్థానిక అకౌంటెంటును వెంటబెట్టుకుని వెళ్ళండి.

మనుషుల విషయంలో నేను ఎక్కువ తప్పులు చేశాను. మొదటిది పలకరింపు. సైటుకు వెళ్ళగానే "ఆ దిమ్మె ఎందుకు వంకరగా ఉంది" అని మొదలుపెట్టేవాడిని. అక్కడ "ములి బ్వాంజి" అని క్షేమం అడిగి, వారు మన క్షేమం అడిగాక గానీ పని మాట రాకూడదు. నలుగురు మేస్త్రీలను నలుగురినీ విడిగా పలకరించాలి. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది. అది తెలిశాకే దిమ్మెలు నిటారుగా రావడం మొదలైందంటే అతిశయోక్తి అనుకుంటారేమో గానీ, తప్పు జరిగిన రోజే వారు నా దగ్గరకు వచ్చి చెప్పడం మాత్రం అప్పటి నుంచే మొదలైంది.

రెండోది చావు. ఊళ్ళో ఎవరైనా పోతే ఊరంతా పని ఆపుతుంది. మలిరోకు, అంటే అంత్యక్రియలకు, వెళ్ళనివాడిని రేపు అతని ఇంట్లో చావుకు ఎవరూ పట్టించుకోరు. ఆసుపత్రి వడ్రంగి కొట్టులో శవపేటిక చేయించి ఇవ్వడం, ట్రక్కు పంపడం మన నుంచి ఆశిస్తారు. మొదట్లో కాంక్రీటు రోజున అందరూ వెళ్ళిపోయారని నేను గొడవ పడ్డాను, ఊరి పెద్దను మ్ఫుము అంటారు, ఆయన పిలిపించి నెమ్మదిగా చెప్పాడు. ఆ తరువాత నెలకు రెండు రోజులు చావులకు పోతాయని పట్టికలోనే రాసుకున్నాను, సామాన్యంగా ఆ లెక్క సరిపోయేది. ఆ పెద్దతో పొత్తు మరో చోట ఉపయోగపడింది. సిబ్బంది ఇళ్ళకు ప్లాను చూపిన స్థలం అంచున ఒక చెట్ల గుంపు ఉండేది. నరికితే చదునైన స్థలం దొరుకుతుందని గీతలో ఉంది. అది మందా, అంటే శ్మశానం. చేవా తెగవారి ఊళ్ళలో అక్కడి చెట్లు ముట్టుకోరు. ఇళ్ళను ముప్పై మీటర్లు ఇవతలికి జరిపాం.

గేటు దగ్గర నిలబడే నలభై మంది మాట మళ్ళీ వస్తాను, ఎందుకంటే అది రోజూ గుచ్చుకునే విషయం. జనవరి నుంచి మార్చి దాకా పాత పంట అయిపోయి కొత్తది రాని ఆకలి నెలలు. అప్పుడు ఎనిమిది మందిని తీసుకుని మిగతావారిని పంపడం ఎవరికీ సులభం కాదు. మన మెదక్ చర్చిని మిషనరీ పోస్నెట్ దొర 1914 నుంచి 1924 వరకు కరువు పనిగా వేలమందికి కూలి ఇస్తూ కట్టించాడని చిన్నప్పుడు చదివినప్పుడు ఇది నాకు కథగానే ఉండేది. నేను వార్డు బడ్జెటులో అలా చేయలేను. కానీ ఇటుక మట్టి తవ్వడం, కంకర, దారి బాగుచేయడం వంటి నైపుణ్యం అక్కర్లేని పనులను యంత్రానికి ఇవ్వకుండా ఆ నెలలకు దాచి, ఇంటికి ఒకరి చొప్పున వారం వారం మార్చాను. పేర్ల జాబితా ఊరి పెద్దలే చేశారు. మేస్త్రీలను మాత్రం పన్నెండు మందిని స్థిరంగా ఉంచుకున్నాను. పెద్ద కాంట్రాక్టరుకు మొత్తం గుత్తకు ఇవ్వాలా అని మీరు అడగవచ్చు. రెండంతస్తుల కట్టడమైతే, దేశపు నిర్మాణ పరిశ్రమ మండలిలో నమోదైనవారికి ఇవ్వండి. ఒక అంతస్తు వార్డుకు సొంత మేస్త్రీలే మేలు. పని అయ్యాక గోడ పగిలితే బాగుచేసే మనిషి ఆ ఊళ్ళోనే ఉంటాడు.

ప్లాన్ల దగ్గర మీ ఇంజనీరింగు నిజంగా అక్కరకొస్తుంది. చాలాసార్లు ప్లాన్లు దూరదేశాల స్వచ్ఛంద స్థపతులు గీసి పంపుతారు. మనసు మంచిదే, గీత మాత్రం వారి వాతావరణానిది. మాకు వచ్చిన ఒక ప్రసూతి వార్డు ప్లానులో మధ్య నడవా, రెండు వైపులా గదులు, గాలికి యంత్రాలు ఉన్నాయి. కరెంటు రోజుకు ఆరు గంటలు పోయేచోట, క్షయ రోగులు ఎవరో ముందు తెలియనిచోట అది ప్రమాదం. సహజ గాలి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం మామూలు వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్లు, గాలి ద్వారా సోకే జబ్బుల గదిలో 160 లీటర్ల గాలి అందాలి. ఎదురెదురు కిటికీలు, ఎత్తయిన కప్పు, వరండా ఉంటే ఖర్చు లేకుండా ఇది వస్తుంది. కానీ జూన్, జూలై రాత్రులు చలి గట్టిగా ఉంటుంది, బాలింతలకు చలి తగలకూడదని కిటికీలన్నీ మూసేస్తారు. అందుకని కప్పు కింద మూసే వీలు లేని జాలీలు, దోమతెరతో పెట్టించాను. ఒక సీనియర్ నర్సు మాటే నాకు ప్లానులో ఎక్కువ ఉపయోగపడింది: "తలుపు వెడల్పు చూడకండి, మంచం తిప్పి చూడండి." నేల మీద సున్నంతో గదులు గీసి, నిజమైన మంచం తెచ్చి తిప్పి చూశాకే పునాది తవ్వాం. రెండు తలుపులు చోటు మారాయి.

ఆ ప్లాన్లలో అసలే లేనిది గార్డియన్ల పాక. అక్కడ రోగితోపాటు వచ్చి వండి పెట్టి, బట్టలుతికి, పక్కన పడుకునే బంధువును గార్డియన్ అంటారు. మన ధర్మాసుపత్రుల్లో తోడు వచ్చినవారిలాగే. పొయ్యిలు, ఉతికే బండలు, బట్టలారేసే తీగ, స్నానపు గదులు లేకుండా వార్డు కడితే వారు కొత్త గోడకు ఆనించి మూడు రాళ్ళు పెట్టి వండుకుంటారు, అది వారి తప్పు కాదు. నీటి లెక్క కూడా వారితోనే తలకిందులవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం పడకకు రోజుకు 40 నుంచి 60 లీటర్లు, బయటి రోగికి 5, ఒక్కో ఆపరేషనుకో కాన్పుకో 100. మా నూట ఇరవై పడకలకు దాని ప్రకారం తొమ్మిది వేల లీటర్ల చిల్లర వచ్చింది. మీటరు బిగించి చూస్తే దాదాపు రెట్టింపు వాడుతున్నారు. గార్డియన్లను ఎవరూ లెక్కించలేదు. ట్యాంకు కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, కుళాయి కంటే పది మీటర్ల ఎత్తు ఉంటే గానీ ఒక బార్ ఒత్తిడి రాదని కూడా.

కంటైనరులో వచ్చే విరాళాల గురించి కొంచెం కఠినంగానే ఉండాలి. మలావిలో కరెంటు 230 వోల్టులు, మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు. అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టుల స్విచ్చులు, దీపాలు దీనికి పనికిరావు. అమెరికా మరల కొలతతో వచ్చిన కుళాయిలు ఊళ్ళో దొరికే పైపుకు బిగవవు; బలవంతంగా బిగిస్తే కారతాయి. మా స్టోరులో అందమైన నలభై కుళాయిలు ఆరేళ్ళూ అలాగే ఉన్నాయి. దగ్గరి పట్నంలో విడిభాగం దొరకని వస్తువును గోడలో బిగించకూడదు అని నియమం పెట్టుకున్నాను. సౌర విద్యుత్తుకూ ఇదే. దాంతోపాటు ఆసుపత్రి బ్యాటరీల తీగను సిబ్బంది ఇళ్ళ తీగతో ఎప్పుడూ కలపకండి. ఒక ఆక్సిజన్ యంత్రం 300 నుంచి 400 వాట్లు తీసుకుంటే, ఒక ఇంట్లో వంట హాట్‌ప్లేటు 1,500 వాట్లు లాగుతుంది.

నేను ఇప్పటికీ మరిచిపోలేని తప్పు ఒకటి చెప్పాలి. వార్డు పునాది కోసం కాలువ తవ్విస్తుంటే పాత ఇనుప పైపు తెగింది. అది థియేటరుకు వెళ్ళే పైపని మాలో ఎవరికీ తెలియదు, లోపల ఆ సమయంలో సిజేరియన్ జరుగుతోంది. బకెట్లతో నీళ్ళు మోసి గట్టెక్కాం. తల్లీ బిడ్డా క్షేమం. ఆ పైపు ఎక్కడుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, పదవీ విరమణ చేసిన పాత ప్లంబరు, రెండు మైళ్ళ దూరంలో మొక్కజొన్న చేలో ఉన్నాడు. మరునాడు ఆయనను గౌరవంగా పిలిపించి, వారం రోజులు కూలి ఇచ్చి, ఆవరణంతా నడిపించి, ఆయన చూపించినచోటల్లా మేకు కొట్టి పటం గీశాను. మీరు వెళ్ళిన మొదటి వారంలోనే ఈ పని చేయండి. థియేటరు వైపు ఏ తవ్వకమైనా, ఏ దుమ్ము పనైనా ఉదయం ఆపరేషన్ల జాబితా చూసి, నర్సు ఇంచార్జికి చెప్పాకే మొదలుపెట్టండి.

బయల్దేరే ముందు తాత్కాలిక ఉద్యోగ అనుమతి చేతికి వచ్చిందో లేదో చూసుకోండి, ఆసుపత్రివారు "వచ్చాక చూద్దాం" అన్నా సరే. పెట్టెలో బట్టలు తగ్గించి ఇవి పెట్టుకోండి: నీళ్ళు నింపి మట్టం చూసే ఇరవై మీటర్ల పారదర్శకపు లెవెల్ గొట్టం, మంచి టేపులు మూడు, మల్టీమీటరు, గ్రైండరుకూ డ్రిల్లుకూ కార్బన్ బ్రష్షులు, వేర్వేరు కొలతల పంపు సీళ్ళు, తల దీపం. ఆవకాయ డబ్బాను రెండు కవర్లలో చుట్టండి. నాది మొదటిసారి లెవెల్ గొట్టంలోకి కారి, అక్కడి మేస్త్రీలు ఆ ఎర్రరంగు నీళ్ళలో మట్టం స్పష్టంగా కనబడుతోందని చాలా మెచ్చుకున్నారు.